చిన్న దూరదర్శిని మంచిచెడ్డలు: నక్షత్రము చెప్పు తీర్పు

దూరదర్శినిని చూచినంతనే మనవారు అడుగు మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?" అనునది. అమ్మువారు అట్టపెట్టె మీద పెద్ద అక్షరములతో అచ్చువేయు మాటయు అదియే. ఈ ప్రశ్న తప్పు. తప్పు ప్రశ్నకు వచ్చిన జవాబు లెక్కకు సరిపోయినను, మంచి పరికరమునకు చెడ్డపేరును, చెడ్డ పరికరమునకు మంచిపేరును తెచ్చిపెట్టును. పాఠశాల బీరువాలలో మూలబడిన చిన్న దూరదర్శినులలో కొన్ని నిజముగా పనికిరానివి కావచ్చును. కొన్ని మాత్రము విచారణ లేకుండ శిక్షపడినవి. ఈ రెంటిని వేరుచేయు పద్ధతి ఏమిటో ఈ వ్యాసములో చూతము.

సంగతి ఇట్లు మొదలైనది

2025 నవంబరులో ఒక సాయంకాలము మాకవరపాలెంలోని ఒక ఉన్నత పాఠశాల వారు పిల్లలకు శనిగ్రహమును చూపుటకు నన్ను పిలిచినారు. దూరదర్శిని పాఠశాలదే. వస్తుకటకపు వ్యాసము 60 మిల్లీమీటర్లు, నాభ్యంతరము 700 మిల్లీమీటర్లు. 20, 6, 4 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల మూడు అక్షికటకములు, ప్రతిబింబమును మూడింతలు పెంచు బార్లో కటకమొకటి పెట్టెలో ఉన్నవి. పెట్టె మీద "525 రెట్లు" అని ఉన్నది. లెక్క తప్పు కాదు. 700 ని 4 చేత భాగించిన 175 వచ్చును. దానిని మూడుచేత గుణించిన 525.

సైన్సు మాస్టారు ఉత్సాహముతో ఆ రెండు కటకములను కలిపి బిగించినారు. కనబడినది వణకుచున్న ఒక మసక మరక. తరువాత 20 మిల్లీమీటర్ల కటకము పెట్టి 35 రెట్లకు దిగినాము. ఇప్పుడు చిన్న గుండ్రని బిళ్ళ కనబడినది. దానికి అడ్డముగా సూదివంటి సన్నని గీత ఉన్నదో లేదో అన్నట్లున్నది. "మాస్టారండీ, ఉంగరం ఏదండీ?" అని ఏడవ తరగతి అమ్మాయి అడిగినది. "ఇది ఆటబొమ్మండి, బీరువాలో పెట్టేయడమే" అని మాస్టారు నిట్టూర్చినారు.

ఆ విధముగా దూరదర్శిని మీద రెండు నేరములు పడినవి: మసకగా చూపినది, ఉంగరమును చూపలేదు. రెండవ నేరములో అది పూర్తిగా నిర్దోషి. 2025 మార్చి 23 న శని వలయముల తలము సరిగా అంచున భూమికి ఎదురైనది. నవంబరులో కూడ వాని వంపు ఒక డిగ్రీకన్న తక్కువ. సుమారు పదునైదేండ్ల కొకసారి ఇట్లు జరుగును. 1612 లో గెలీలియో కూడ, శనికి ఇరుప్రక్కల తాను అంతకుముందు చూచినవి మాయమగుట గమనించి విస్తుపోయినాడు. ఆకాశము చూపని దానిని అద్దము ఎట్లు చూపగలదు? మొదటి నేరమునకు కారణము మాత్రము విచారించి తేల్చవలసినది. తప్పు గాలిదా, కంటిదా, అక్షికటకముదా, వస్తుకటకముదా? ఈ నలుగురు ముద్దాయిలను విడివిడిగా నిలబెట్టక ఇచ్చు తీర్పు తీర్పు కాదు.

మన జిల్లాలో ఈ విద్య కొత్తది కాదు

2022 ఏప్రిల్ వరకు మాకవరపాలెం విశాఖపట్టణం జిల్లాలోనిదే. ఆ జిల్లా కేంద్రములో గోడే వెంకట జగ్గారావు 1840 లోనే తన సొంత ధనముతో వేధశాలను నెలకొల్పినాడు. మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రము నేర్చిన జమీందారు ఆయన. తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పనిని సాగించినాడు. ఇంగ్లండులోని కుక్ కంపెనీ చేసిన ఆరంగుళాల వక్రీభవన దూరదర్శిని ఆ వేధశాలకు వచ్చినది. 1874 డిసెంబరు 9 న శుక్రుడు సూర్యబింబము మీదుగా దాటుటను నరసింగరావు పరిశీలించి, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి తెలిపినాడు.

అట్టి పరిశీలనలో ప్రతిబింబపు నాణ్యత అలంకారము కాదు. ఫలితమంతయు దాని మీదనే ఆధారపడును. శుక్రుని నల్లని బిళ్ళ సూర్యుని అంచును లోపలినుండి తాకిన క్షణమును సెకన్లలో గుర్తింపవలెను. కాని దూరదర్శిని నాసిదైనను, గాలి కలత చెందినను ఆ రెండంచుల నడుమ నల్లని బొట్టు సాగినట్లు కనబడి, తాకిన క్షణమేదో తెలియకుండ చేయును. ఎన్ని రెట్లు పెంచినను ఆ బొట్టు తొలగదు, అదియు పెరుగును.

ఆ కుక్ కంపెనీలోనే పనిచేసిన హెచ్. డెన్నిస్ టేలర్ 1891 లో దూరదర్శినుల వస్తుకటకములను సరిచేయుట, పరీక్షించుట అను విషయము మీద ఒక చిన్న పుస్తకము వ్రాసినాడు. దానిలోని మూలసూత్రము నేటికిని మారలేదు: కటకమును పరీక్షించుటకు నక్షత్రమును మించిన సాధనము లేదు. నక్షత్రము మనకు కేవలము ఒక బిందువు. బిందువును కటకము ఏ ఆకారముగా మార్చెనో చూచిన, ఆ కటకము గుణమంతయు తెలియును.

రెట్ల భ్రమ

కాంతి తరంగము గనుక, ఎంత గొప్ప కటకమైనను బిందువును బిందువుగా చూపజాలదు. వివర్తనము వలన నక్షత్రము ఒక చిన్న బిళ్ళగాను, దాని చుట్టు ఒకటి రెండు పలుచని వలయములుగాను కనబడును. ఆ బిళ్ళ పరిమాణమును 1835 లో జార్జి ఎయిరీ గణితముచే నిర్ణయించినాడు. అందుచే దానిని ఎయిరీ బిళ్ళ అందురు. కటకము పెద్దదైన కొలది బిళ్ళ చిన్నదగును.

ఇక్కడ కోణములకు చిన్న కొలత కావలెను. డిగ్రీలో 60 వ వంతు కల. కలలో 60 వ వంతు వికల. రెండున్నర సెంటీమీటర్ల నాణెమును ఐదు కిలోమీటర్ల దూరమున పెట్టిన అది ఒక వికల కోణము చేయును. 60 మిల్లీమీటర్ల కటకము చేయు ఎయిరీ బిళ్ళ వ్యాసము సుమారు 4.6 వికలలు. రెండు నక్షత్రములు అందులో సగమైన 2.3 వికలల దూరమున ఉన్నంత వరకు వానిని రెండుగా గుర్తింపవచ్చును. ఇది రేలీ నియమము. 138 ని మిల్లీమీటర్లలో గల వ్యాసముచే భాగించిన వచ్చు సంఖ్య.

మన కన్ను సుమారు ఒక కల, అనగా 60 వికలల భేదమును గుర్తించును. 2.3 వికలలను 117 రెట్లు పెంచిన 270 వికలలగును. అది కంటికి చాలినంత కన్న ఎక్కువే. కనుక 6 మిల్లీమీటర్ల అక్షికటకముతోనే ఈ వస్తుకటకము తన వద్దనున్న వివరమంతయు చెప్పివేసినది. 525 రెట్లకు పెంచిన కొత్త వివరము ఒక్కటియు రాదు. మసకయే నాలుగున్నర రెట్లు పెరుగును. గ్రహబింబపు వెలుగు ఇరువదవ వంతుకు తగ్గును. గాలి కదలిక, మూడుకాళ్ళ పీట వణుకు కూడ అంతే రెట్లు పెరుగును. చిన్న దూరదర్శినికి వ్యాసములోని మిల్లీమీటర్లకు రెట్టింపు వర్ధనము ఉపయోగకరమైన మేర అని జ్ఞాపకముంచుకొనిన చాలును.

విద్యార్థులకు పరీక్షలలో వర్ధనము లెక్క వచ్చును. పృథక్కరణ శక్తి లెక్కయు వచ్చును. ఈ రెంటిని ఒక్క దూరదర్శిని మీద కలిపి చూపు అలవాటు మన తరగతి గదులలో తక్కువ. అందువలననే పెట్టె మీది సంఖ్య వారిని మోసగించుచున్నది.

కటకము ఎంత పని చేయుచున్నది?

నక్షత్రముల వద్దకు పోకముందు ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. చవక దూరదర్శినులలో కటకము 60 మిల్లీమీటర్లున్నను, దాని అంచుల దోషమును దాచుటకు గొట్టము లోపల చిన్న రంధ్రము గల అడ్డుబిళ్ళను పెట్టుట కలదు. పగలు దూరపు వస్తువును స్పష్టముగా చూచి, ఆ అమరిక మార్చకుండ, చీకటి గదిలో అక్షికటకము వెనుక నుండి టార్చిలైటు వేయవలెను. వస్తుకటకము ముందు తెల్లకాగితము పట్టిన దానిమీద వెలుగు గుండ్రముగా పడును. దానిని స్కేలుతో కొలువుడు. అదియే నిజముగా పనిచేయుచున్న వ్యాసము. 60 కి 60 వచ్చిన సంతోషమే; తక్కువ వచ్చిన లెక్కలన్నియు ఆ సంఖ్యతోనే చేయవలెను.

ఏ నక్షత్రమును చూడవలెను?

పడమటి దేశముల పుస్తకములు ధ్రువనక్షత్రమును చూడుమని చెప్పును. అది కదలదు గనుక సౌకర్యమే. కాని ఆ సలహాను మనము కన్నులు మూసికొని పాటింపరాదు. లండనులో ధ్రువుడు యాబదియొక్క డిగ్రీల ఎత్తున ఉండును. మాకవరపాలెం అక్షాంశము పదిహేడున్నర డిగ్రీల పైచిలుకు. ధ్రువుడు ఇక్కడ అంతే ఎత్తున ఉండును. అంత క్రింద నున్న నక్షత్రపు కాంతి, నడినెత్తిన నున్న దానికన్న మూడింతలకు పైగా గాలిని దాటి రావలెను. కనబడు వణుకు, రంగుల చీలిక గాలివి, కటకమువి కావు.

మన భాగ్యవశమున రోహిణి, స్వాతి అను రెండు ప్రకాశమైన నక్షత్రములు మన అక్షాంశమున ఇంచుమించు నడినెత్తి మీదుగా పోవును. జనవరి మొదటి వారములలో రోహిణి, మే చివరి రోజులలో స్వాతి రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున అట్లు వచ్చును. సరిగా నడినెత్తిన ఉన్నప్పుడు చిన్న పీటల మీద గొట్టము కాళ్ళకు తగులును గనుక, గంటన్నర ముందో వెనుకో చూచుట మేలు.

చూచు చోటును గురించి కూడ జాగ్రత్త కావలెను. పగలంతయు ఎండకు కాగిన సిమెంటు డాబా మీదను, రేకుల కప్పు మీదుగాను, కిటికీలోనుండియు చూడరాదు. గడ్డినేల మంచిది. దూరదర్శినిని అరగంట ముందుగా బయట పెట్టి చల్లబడనీయవలెను. మన తీర ప్రాంతములో మంచు త్వరగా కటకము మీద దిగును. ముందు భాగమున నల్లని అట్టతో చేసిన గొట్టమును తొడిగిన అది కొంత ఆగును.

నక్షత్రము చెప్పు సాక్ష్యము

నక్షత్రమును క్షేత్రము మధ్యకు తెచ్చి, సుమారు 117 రెట్ల వర్ధనముతో చూడవలెను. యంత్రముతో తిరుగని దూరదర్శినిలో అది నిమిషమున్నర లోపున క్షేత్రమును దాటిపోవును. అంచునకు పోయినప్పుడు కనబడు తోకను లెక్కింపరాదు, మధ్యలో నున్నదే సాక్ష్యము. సరిగా నాభిలో ఉన్నప్పుడు చిన్న గుండ్రని బిళ్ళ, చుట్టు ఒక పలుచని వలయము కనబడిన కటకము ఉత్తమము.

తరువాత మరను కొద్దిగా త్రిప్పి ప్రతిబింబమును నాభికి లోపలికి, పిదప అంతే దూరము బయటికి తీయవలెను. రెండువైపులను ఒకే కేంద్రముగల గుండ్రని వలయములు ఒకే తీరుగా కనబడవలెను. ఒకవైపు స్పష్టముగాను రెండవవైపు అలికినట్లుగాను ఉన్న, అది గోళాకార విపథనము. అంచునుండి వచ్చిన కిరణములు, నడుమనుండి వచ్చినవి ఒకచోట కలియుట లేదని అర్థము. వలయములు ఒక ప్రక్కకు జరిగి విసనకర్రవలె ఉన్న, కటకము వాలి కూర్చున్నది. త్రికోణముగా కనబడిన, కటకమును పట్టియుంచు చట్రము దానిని గట్టిగా నొక్కుచున్నది.

కోడిగ్రుడ్డు ఆకారమున సాగి, నాభిని దాటగానే అడ్డము నిలువుగా మారిన, అది ఆస్టిగ్మాటిజము. ఇక్కడనే తొందరపాటు తీర్పులు ఎక్కువగా పుట్టును. మొదట తల వంచి చూడుడు. సాగిన దిక్కు తలతోపాటు తిరిగిన దోషము మీ కంటిది. అక్షికటకమును త్రిప్పుడు, దానితో తిరిగిన దోషము దానిది. గొట్టమును త్రిప్పినప్పుడు తిరిగిన మాత్రమే వస్తుకటకమును తప్పుపట్టవలెను. ప్రతిబింబము నీటి అడుగున ఉన్నట్లు క్షణక్షణము రూపు మార్చుచున్న, నేరము గాలిది. మరియొక రాత్రి చూడవలెను.

రంగులను గురించి

ఒంటి కటకము గాజుపట్టకము వలె రంగులను విడదీయును. రెండు రకముల గాజులను జతపరచి ఈ దోషమును తగ్గించు కటకమునకు 1758 లో జాన్ డోలండ్ ఇంగ్లండులో పేటెంటు పొందినాడు. నేటి చిన్న దూరదర్శినులలో నున్నది ఇట్టి జంటకటకమే. అది ఎరుపును నీలమును ఒకచోటికి తెచ్చును గాని, పసుపుపచ్చ కాంతితో పూర్తిగా కలుపజాలదు. కనుక నాభికి లోపల వలయముల అంచు ఎర్రబారుటయు, బయట అంచు పచ్చబారి నడుమ ఊదాఛాయ కనబడుటయు సహజము. అది దోషము కాదు. నాభిలోనే ప్రకాశమైన నక్షత్రము చుట్టు పెద్ద ఊదా మబ్బు కమ్మిన మాత్రము కటకము నాసిది, లేదా దాని నాభ్యంతరము వ్యాసమునకు చాలనంత పొట్టిది. వ్యాసమునకు పదునొకండు పండ్రెండు రెట్లు నాభ్యంతరము గల మన 60 మిల్లీమీటర్ల రకమునకు ఈ చిక్కు మిక్కిలి తక్కువ. పొడవు గొట్టమును చూచి నవ్వువారు దీనిని తెలిసికొనవలెను.

జంటతారల పరీక్ష

చంద్రుడు మంచి పరీక్షకుడు కాడు. వెలుగు నీడల భేదము ఎక్కువగుటచే ఏ దూరదర్శినిలో చూచినను చంద్రుడు బాగుండును. అతనితో ఒక్కటి మాత్రము పరీక్షింపవచ్చును: అంచుకు ఆవల ఆకాశము నల్లగా ఉన్నదా, పాలు కలిపినట్లున్నదా? పాలవలె ఉన్న, గొట్టము లోపల నల్లరంగు సరిగా లేక కాంతి చెదరుచున్నది, లేదా కటకము మీద బూజు పట్టినది.

కఠినమైన పరీక్షలు జంటతారలవి. మొదటిది మన పెండ్లిండ్లలో చూపునదే. వసిష్ఠ అరుంధతుల జంటను కంటితోనే చూతుము. దూరదర్శినిలో వసిష్ఠుడు మరల రెండుగా కనబడును, నడుమ దూరము 14 వికలలు. ఇది కూడ చూపలేనిది దూరదర్శిని కాదు. పునర్వసులలో ఉత్తరపు తార అయిన కాస్టర్ తరువాతి మెట్టు. జంట నడుమ ఐదారు వికలలు. చివరి మెట్టు అభిజిత్తు ప్రక్కనున్న ఎప్సిలాన్ లైరే. దీనిలో రెండు జంటలు. ఒక్కొక్క జంట నడుమ సుమారు 2.3 వికలలు. 60 మిల్లీమీటర్ల కటకమునకు ఇది సరిగా పొలిమేర. నిర్మలమైన రాత్రి ఆ జంటలు విడిన ఆ కటకమునకు ఇక పరీక్ష అక్కరలేదు.

మాకవరపాలెం దూరదర్శినికి తీర్పు

2026 జనవరిలో ఆ మాస్టారు, నేను కలిసి ఆ పరికరమును పైన చెప్పిన క్రమమున విచారించినాము. టార్చిలైటు పరీక్షలో వెలుగు 52 మిల్లీమీటర్లే వచ్చినది. లోపల అడ్డుబిళ్ళ ఉన్నది. కనుక దీని పొలిమేర 2.3 కాదు, సుమారు 2.7 వికలలు. రోహిణిని చూడగా వలయములు త్రికోణముగా ఉన్నవి. కటకమును పట్టియుంచు మరను వీసమంత వదులు చేయగా గుండ్రమైనవి. ఇక్కడ ఒక హెచ్చరిక: మరను వదులుచేయుట వేరు, జంటకటకమును ఊడదీయుట వేరు. ఊడదీసి తిరగేసి పెట్టిన ఆ కటకము మరల కోలుకొనదు.

తరువాత నాభికి ఇరువైపుల వలయములు ఇంచుమించు ఒకే తీరుగా కనబడినవి. రంగు దోషము లెక్కింపదగినంత లేదు. 6 మిల్లీమీటర్ల అక్షికటకము మధ్యభాగమున సరిపోవును, అంచున నాసి. 4 మిల్లీమీటర్లది, బార్లో కటకము రెండును పనికిరావు. మిత్రుని వద్దనుండి తెచ్చిన మంచి అక్షికటకము పెట్టగానే అదే వస్తుకటకము కాస్టరును నిక్కచ్చిగా రెండు చేసి చూపినది. పీట బలహీనము, దాని నడుమ ఇసుకసంచి వ్రేలాడదీయగా వణుకు చాల తగ్గినది.

కనుక తీర్పు ఇది. వస్తుకటకము మంచిది, చెప్పిన దానికన్న కొంచెము చిన్నది. రెండు కటకములు త్రోసివేయదగినవి. పెట్టె మీది సంఖ్య లెక్కకు నిజము, చూపునకు అబద్ధము. కొత్త దూరదర్శిని అక్కరలేదు. ఒక్క మంచి అక్షికటకము కొనిన చాలును. ఈ విచారణ జరగనిచో ఆ పాఠశాల పిల్లలు ఆకాశమును కోల్పోయియుందురు. లేదా మరింత పెద్ద సంఖ్య గల మరొక పెట్టె వచ్చియుండును.

ఒక ముఖ్యమైన మాట. ఇట్టి పెట్టెలలో కొన్నిట అక్షికటకమునకు బిగించు చిన్న నల్లని సూర్య ఫిల్టరు ఉండును. దానిని వెంటనే పారవేయవలెను. కటకము కేంద్రీకరించిన వేడికి అది పగిలిన క్షణమాత్రములో కన్ను పోవును. దూరదర్శినితో సూర్యుని వైపు చూడరాదని పిల్లలకు ప్రతిసారియు చెప్పవలెను.

ఉపాధ్యాయులు ఈ పరీక్షలను తామే చేసి ఊరకుండక, పిల్లలచే చేయించి ఫలితములను పుస్తకములో వ్రాయింపవలెను. కన్నా, గాలియా, కటకమా అని విడదీసి చూచుటకు అలవడిన విద్యార్థి ప్రయోగశాలలో మరి ఏ పరికరము వద్దను తొందరపడి తీర్పు చెప్పడు. ఉంగరమును అడిగిన ఆ అమ్మాయి జనవరిలో కాస్టరును చూచి, "రెండండీ, ఒకటి కొంచెం పెద్దదండీ" అన్నది. సరియైన పరిశీలనయే, ఆ రెంటిలో ఒకటి రెండవదానికన్న ప్రకాశవంతము. శని వలయములు ఏటేట విప్పారుచు 2032 నాటికి మిక్కిలి వెడల్పుగా కనబడును. అప్పటికి ఆమె కళాశాల చదువులో ఉండును. దూరదర్శిని మాత్రము బీరువాలో ఉండకూడదు.